పాత వీఎంసీకి కొత్త కంట్రోలర్: మెసా 7ఐ76ఈ, లైనక్స్‌సీఎన్‌సీ ఎలా పనిచేస్తున్నాయంటే

ఫానక్ 0-ఎం అనే కంట్రోలర్ మీద నడిచే పాత వీఎంసీలు (ప్రోగ్రాము ప్రకారం లోహాన్ని కోసే నిలువు స్పిండిల్ మెషిన్లు) మన షెడ్లలో ఇంకా చాలానే ఉన్నాయి. బెడ్ బాగుంటుంది, స్పిండిల్ బాగుంటుంది, కంట్రోలర్ మాత్రం ఇవాళో రేపో అన్నట్టుంటుంది. మా దగ్గరున్నదీ అలాంటిదే. దాని కంట్రోలర్ మార్చి ఏడాది దాటింది, రోజూ దాని మీద పార్టులు దిగుతున్నాయి, కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయొచ్చనిపించింది. నేను పెట్టింది పెద్ద బ్రాండు కంట్రోలర్ కాదు. కాలిఫోర్నియాలోని మెసా ఎలక్ట్రానిక్స్ వాళ్ల 7ఐ76ఈ కార్డు, దాన్ని నడిపే లైనక్స్‌సీఎన్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఓ సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్, మూడు యాక్సిస్‌లకూ (ఎక్స్, వై, జడ్ కదలికలకు) డెల్టా ఏఎస్‌డీఏ-బీ2 సర్వోలు, అంటే మోటార్లు, వాటి డ్రైవులు.

మాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న జాబ్‌షాపు. ఫార్మా కంపెనీల బ్లిస్టర్ ప్యాకింగ్ (మాత్రల పట్టీలు చేసే) మెషిన్లకు చేంజ్ పార్టులు, ఫిక్స్చర్లు, మధ్యమధ్యలో చిల్లర పనులు. అల్యూమినియం ఎక్కువ, స్టెయిన్‌లెస్ స్టీల్ 316 కొంచెం. మెషిన్ 1990ల నాటి బెంగళూరు మేక్. బీటీ40 టేపర్ స్పిండిల్, గొడుగు టైపు ఏటీసీ (టూళ్లను తనే మార్చే ఏర్పాటు), బాక్స్ వేలు (వెడల్పాటి జారుడు పట్టాలు). ఇంత బరువైన కాస్టింగు ఇప్పుడు ఈ సైజు మెషిన్‌లో దొరకాలంటే చాలా డబ్బు పెట్టాలి. స్క్రాప్ రేటుకు అమ్మడానికి మనసు రాకపోవడానికి అదే కారణం.

0-ఎం గురించి ఒక మాట. దాన్ని తిట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ముప్పై ఏళ్లు ఒకే పని చేసిన ఎలక్ట్రానిక్స్‌కి దండం పెట్టాలి. కాకపోతే దాని కాలం వేరు. మెమరీ ఎంతో మీటర్లలో చెప్పే కాలం నాటిది అది. మా మెషిన్‌లో ఉన్నది 80 మీటర్లు, అంటే 80 మీటర్ల పేపర్ టేపులో పట్టేంత ప్రోగ్రాము. అంగుళానికి పది అక్షరాల లెక్కన 32 కేబీ కూడా కాదు. బ్లిస్టర్ ప్లేటు మీద గుంతలకు క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో తీసిన ప్రోగ్రాము దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకని ఆర్‌ఎస్-232 కేబుల్ మీద చుక్కచుక్కగా ఎక్కించేవాళ్లం. 4800 బాడ్ అంటే సెకనుకు నాలుగైదు వందల అక్షరాలు. ఒక్కో బ్లాకు ఇరవై అక్షరాలు, ఒక్కో కదలిక 0.1 మి.మీ. అనుకోండి, ఫీడ్ నిమిషానికి 130 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. ప్రోగ్రాములో ఎఫ్1500 (నిమిషానికి 1500 మి.మీ.) అని ఎంత గట్టిగా రాసినా అంతే. కటర్ ఆగి ఆగి నడుస్తుంటే ఆ మచ్చలు అల్యూమినియం మీద స్పష్టంగా కనపడతాయి, వాటిని పాలిష్ చేయడానికి మళ్లీ ఒక మనిషి. కాబట్టి పాత బోర్డు రిపేరు చేయించుకున్నా నాకు దక్కేది ఆ 32 కేబీయే.

మరి కొత్త ఫానక్ గానీ సీమెన్స్ గానీ ఎందుకు పెట్టలేదని అడుగుతారు. అడగాల్సిందే. కొటేషన్లు తెప్పించాను. కంట్రోలర్, దాని డ్రైవులు, దాని మోటార్లు, దాని కేబుళ్లు అన్నీ ఒకే ఇంటివి కావాలి. అన్నీ కలిపితే ఇంకాస్త వేసుకుని కొత్త మెషిన్‌కి అడ్వాన్సు ఇవ్వొచ్చనిపించింది. చవకలో చేస్తామన్న పార్టీలూ వచ్చాయి. వాళ్లతో నాకు పాత అనుభవం ఉంది. మా సీఎన్‌సీ లేత్‌కి అంతకుముందు ఒక రెట్రోఫిట్ పార్టీ కంట్రోలర్ మార్చింది. లాడర్‌కి (స్విచ్‌లు, వాల్వుల లాజిక్ ప్రోగ్రాముకి) పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోయారు. తర్వాత ఓ చిన్న ఎయిర్ ప్రెషర్ స్విచ్ చేర్చాలన్నా వాళ్లనే పిలవాలి, వాళ్లేమో ఫోన్ ఎత్తరు, ఎత్తితే విజిటింగ్ ఛార్జీ సంగతి ముందు మాట్లాడతారు. నా షెడ్‌లో, నా డబ్బుతో కొన్న మెషిన్‌లో, ఏ స్విచ్ నొక్కితే ఏ వాల్వు తెరుచుకుంటుందో నాకు చెప్పనంటే ఎలా? ఈసారి అలా జరగకూడదన్నదే నా మొదటి షరతు. ధర రెండోది.

లైనక్స్‌సీఎన్‌సీలో తాళాలేవీ ఉండవు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990లలో మొదలైన ప్రాజెక్టు అది. ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న వాలంటీర్లు నడుపుతున్నారు. మెషిన్ వివరాలన్నీ కొన్ని టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. ఐఎన్ఐ ఫైలులో యాక్సిస్ పొడవులు, వేగాలు, యాక్సిలరేషన్లు. హాల్ ఫైలులో ఏ వైరు ఎక్కడికి పోతుందో ఆ లెక్క. నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరిచి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు.

7ఐ76ఈ సంగతి. ఐదు యాక్సిస్‌లకు స్టెప్, డైరెక్షన్ పల్సులు (ఎంత, ఎటు కదలాలో డ్రైవుకి చెప్పేవి), 24 వోల్టుల ఇన్‌పుట్లు 32, అవుట్‌పుట్లు 16, స్పిండిల్‌కి ఒక అనలాగ్ అవుట్‌పుట్, ఒక ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) ఇన్‌పుట్. మూడు యాక్సిస్‌ల వీఎంసీకి ఒక్క కార్డుతో సరిపోతుంది. పీసీతో మాట్లాడేది ఈథర్‌నెట్ కేబుల్ మీద. పల్సులు పుట్టేది కార్డులోని ఎఫ్‌పీజీఏ చిప్‌లో, పీసీలో కాదు. ఈ తేడా ముఖ్యం. మా బాల్‌స్క్రూ పిచ్ 10 మి.మీ., ఒక చుట్టుకు పది వేల పల్సులు పెట్టాం, అంటే పల్సుకు ఒక మైక్రాన్. ర్యాపిడ్ (కోత లేనప్పటి వేగపు కదలిక) నిమిషానికి 12 మీటర్లు కావాలంటే సెకనుకు రెండు లక్షల పల్సులు పోవాలి. ప్యారలల్ పోర్టు మీద పీసీతోనే పల్సులు కొట్టించే పాత పద్ధతిలో ఇది అయ్యే పని కాదు. ఈ కార్డుకి ఇదొక లెక్కే కాదు. పీసీ సెకనుకు వెయ్యిసార్లు మాత్రం వేగం ఎంతో చెబుతుంటుంది. ఒకవేళ పీసీ మూగబోతే కార్డులోని వాచ్‌డాగ్ కొన్ని మిల్లీసెకన్లలో పల్సులన్నీ ఆపేస్తుంది. ఈథర్‌నెట్ తీగ పీకి చూశాం. టక్కున ఆగింది.

కార్డు కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది, మన దగ్గర చాలామంది దాన్ని దాటేస్తారు. మెషిన్‌ని కొలవడం. కంట్రోలర్ మార్చితే బాల్‌స్క్రూ అరుగుదల పోదు. డయల్ పెట్టి ఎక్స్ యాక్సిస్‌ని అటూ ఇటూ జరిపి చూస్తే చివరల్లో ప్లే ఒక్క వంద (మన భాషలో వంద అంటే 0.01 మి.మీ.), మధ్యలో మూడు వందలు. వైస్ ఎప్పుడూ టేబుల్ నడిమధ్యలో ఉంటుంది కాబట్టి స్క్రూ కూడా అక్కడే అరిగింది. సపోర్టు బేరింగులు మార్చి, నట్ ప్రీలోడ్ సరిచేసి, గిబ్బులు (జారే చోట సందు సరిచేసే పట్టీలు) బిగించాకే ఎలక్ట్రానిక్స్ జోలికి పోయాం. లైనక్స్‌సీఎన్‌సీలో బ్యాక్‌లాష్‌కి (ఆ ప్లేకి) ఒక నంబరు వేసుకోవచ్చు, స్క్రూ పొడవునా పాయింటు పాయింటుకూ వేరే విలువలతో కాంపెన్సేషన్ ఫైలూ ఇవ్వొచ్చు. మాకు బేరింగుల తర్వాత మిగిలింది ఒక వంద చిల్లర. మొదటి పద్ధతితోనే సరిపెట్టాం.

పీసీ కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీ అంతా తిరిగాను. కొత్తది అక్కర్లేదు. ఆఫీసుల నుంచి తీసేసిన బిజినెస్ క్లాస్ డెస్క్‌టాప్, ఇంటెల్ నెట్‌వర్క్ చిప్ ఉన్నది, ఎస్ఎస్‌డీ వేయించుకుంటే చాలు. ల్యాప్‌టాప్ మాత్రం వద్దు. పవర్ ఆదా చేసే తెలివితేటలు దానికి ఎక్కువ, అవే ఇక్కడ చేటు. డెస్క్‌టాప్‌లో కూడా బయాస్‌లోకి వెళ్లి ఆ పవర్ సేవింగ్ ఆప్షన్లన్నీ ఆపేయాలి. నేను పెట్టినప్పుడు డెబియన్ 12 మీద లైనక్స్‌సీఎన్‌సీ 2.9 కలిపి ఒకే ఇమేజ్‌గా ఇచ్చేవారు, పెన్‌డ్రైవ్‌లో వేసి ఎక్కించుకోవడమే. లేటెన్సీ టెస్టు అని ఒకటుంది, పీసీ టైముకి ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో కొలిచేది. దాన్ని నడుపుతూ పక్కన వీడియోలు తెరిచి, పెద్ద ఫైళ్లు కాపీ చేసి, పీసీని కావాలని సతాయించి చూడాలి. కార్డుకి ఇచ్చే నెట్‌వర్క్ పోర్టు కార్డుకే. మధ్యలో స్విచ్ పెట్టి ఆఫీసు నెట్‌కి కలపొద్దు. ఫైళ్లు తేవడానికి రెండో పోర్టు వేసుకోండి.

ప్యానెల్ పని జీడిమెట్లలో ఒక వైర్‌మన్ చేశాడు, కాన్ఫిగరేషన్ నేను చూసుకున్నాను. పాత ఫానక్ సర్వో డ్రైవులకు 415ని 200 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్‌లోనే ఉంటుంది. బీ2 డ్రైవులకు కూడా ఆ వోల్టేజీ నడుస్తుంది, కాబట్టి అది అలాగే ఉంచాం. కాస్త డబ్బు మిగిలింది. సర్వో మోటారు ఫ్లాంజి కొలతలు పాతదానికీ కొత్తదానికీ కలవవు, అడాప్టర్ ప్లేట్లు పక్క మెషిన్ మీద మనమే తీసుకోవాలి. కప్లింగు బోరు కూడా మారుతుంది. డ్రైవ్‌లో ఎలక్ట్రానిక్ గేర్ 16/1 పెడితే 1,60,000 కౌంట్ల ఎన్‌కోడర్‌కి పది వేల పల్సులు ఒక చుట్టు అవుతుంది, లెక్క సుఖంగా ఉంటుంది. పాత హ్యాండ్‌వీల్ 5 వోల్టులది, కార్డు ఇన్‌పుట్లు 24 వోల్టులవి. కొత్తది కొన్నాం. అవుట్‌పుట్లు ఒక్కోటి 300 మిల్లీఆంప్స్ వరకే, కాబట్టి సోలెనాయిడ్లకు నేరుగా ఇవ్వకుండా రిలే కార్డు మధ్యలో పెట్టండి, కాయిళ్లకు డయోడ్లు మరిచిపోవద్దు. రాణిగంజ్‌లో ఇవన్నీ చిల్లర ధరకే దొరుకుతాయి.

మొదటి వారాల్లో మమ్మల్ని బాగా ఏడిపించింది నాయిస్, అంటే పవర్ తీగల నుంచి సిగ్నళ్లలోకి చొరబడే గోల. మెషిన్ హాయిగా నడుస్తుంటుంది, స్పిండిల్ 3000 ఆర్‌పీఎంకి ఎక్కగానే స్క్రీన్ మీద ‘ఎర్రర్ ఫినిషింగ్ రీడ్’ అని వచ్చి అంతా ఆగిపోతుంది. రోజుకోసారి వస్తే దేవుడి మీద భారం వేయొచ్చు, కానీ కస్టమర్ ప్లేటు మీద కటర్ ఉన్నప్పుడే వస్తుంది. కారణం వెతికితే ఈథర్‌నెట్ కేబుల్ స్పిండిల్ పవర్ కేబుల్‌తో ఒకే డక్టులో మూరెడు దూరం కలిసి పోతోంది. షీల్డు ఉన్న కేబుల్ వేసి, డక్టు వేరు చేసి, స్పిండిల్ కేబుల్ షీల్డు ఎర్తుకి సరిగ్గా కలిపాం. ఎర్తు పిట్ కూడా ఎండిపోయి ఉంటే ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయించాం. పీసీలో ఇంటెల్ కార్డుకి ఇంటరప్ట్ కోయలెసింగ్ అనే సెట్టింగు (వచ్చిన డేటాను పోగేసి ఆలస్యంగా పీసీకి చెప్పేది) ఉంటుంది, అది సున్నా చేశాం. ఇందులో ఏది పనిచేసిందని అడిగితే అన్నీ ఒకేసారి చేశాం కాబట్టి చెప్పలేను. ఆ ఎర్రర్ మళ్లీ కనపడలేదు.

హెడ్డుని పైకీ కిందికీ నడిపే జడ్ యాక్సిస్ దగ్గర ఒక విషయం జాగ్రత్త. మోటారుకి బ్రేకు ఉంటుంది, కానీ అది పట్టడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. ఎమర్జెన్సీ నొక్కగానే సర్వో పవర్ పోతే, బ్రేకు పట్టేలోపు హెడ్డు దిగుతుంది. స్పిండిల్ కింద డయల్ పెట్టి బటన్ నొక్కి చూడండి. మా దాంట్లో ముల్లు ఇరవై వందలు తిరిగింది, అంటే 0.2 మి.మీ. కటర్ పార్టులో ఉన్నప్పుడు ఆ ఇరవై వందలు పార్టునీ తింటాయి, కటర్‌నీ తింటాయి. డ్రైవ్‌లో బ్రేక్ డిలే పారామీటర్ ఉంది. బ్రేకు బిగిసేదాకా మోటారు పట్టుకునేలా పెట్టి, మెయిన్ పవర్‌ని టైమర్ రిలేతో కాస్త ఆలస్యంగా కట్ చేశాం. ఇప్పుడు ముల్లు కదిలీ కదలనట్టు ఉంటుంది. రెట్రోఫిట్ చేసినవాళ్లెవరైనా సరే, మెషిన్ అప్పగించేటప్పుడు ఈ టెస్టు మీ ముందు చేయించుకోండి.

నన్ను నిజంగా సంతోషపెట్టింది ట్యాపింగు, అంటే హోల్ లోపల మరలు కోయడం. స్పిండిల్ మోటారు, దాని డ్రైవు పాతవే ఉంచాం. అనలాగ్ టైపు, సున్నా నుంచి పది వోల్టులు ఇస్తే తిరుగుతుంది, కార్డు అది ఇస్తుంది. స్పిండిల్‌కి బెల్టుతో తిరిగే పొజిషన్ కోడర్ ఉంది, చుట్టుకు 1024 పల్సులు, దాన్ని కార్డు ఎన్‌కోడర్ ఇన్‌పుట్‌కి కలిపాం. జీ33.1 అనే కోడ్ ఇస్తే జడ్ యాక్సిస్ స్పిండిల్‌ని పట్టుకుని నడుస్తుంది. సరదాగా స్పిండిల్ డ్రైవ్ ఆపి ఉంచి, గాలిలో జీ33.1 ఇచ్చి, స్పిండిల్‌ని చేత్తో తిప్పి చూశాం. చెయ్యి ఒక చుట్టు తిరిగితే హెడ్డు సరిగ్గా ఒక పిచ్ దిగింది. చెయ్యి ఆపితే ఆగింది. పక్క షెడ్డువాళ్లను పిలిచి మరీ చూపించాను.

ఇందులో ఒక మెలిక ఉంది. అడుగుకి వెళ్లాక స్పిండిల్ వెనక్కి తిరగాలి, కానీ బరువైన స్పిండిల్ టక్కున ఆగదు, ఒకటి రెండు చుట్లు ముందుకే పోతుంది. జడ్ దాన్ని వదలదు కాబట్టి ట్యాపు కూడా అంత లోతుకు పోతుంది. ఆర్‌పార్ (ఇటు నుంచి అటు పోయే) హోల్ అయితే పర్వాలేదు. బ్లైండ్ (అడుగు మూసుకున్న) హోల్‌లో మాత్రం డ్రిల్లు లోతు ఎక్కువ ఇచ్చుకోవాలి, లేదా ఆర్‌పీఎం తగ్గించాలి. మేం ఎం6 ట్యాపుకి 400 దాటనివ్వం. ఫానక్ అలవాటు ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక: ఇక్కడ జీ84 అంటే ఫ్లోటింగ్ ట్యాప్ హోల్డర్‌తో చేసే పాతరకం సైకిల్. ఫానక్‌లోని ఎం29 (స్పిండిల్, జడ్ కలిసి నడిచే ట్యాపింగు) అలవాటుతో జీ84 రాస్తే ట్యాపు విరుగుతుంది.

ఏటీసీకి చాలా టెన్షన్ పడ్డాను, కానీ అదే అన్నిటికంటే అర్థమయ్యేలా తేలింది. ఎం6 (టూల్ మార్చమనే కోడ్) కొట్టగానే నడిచే ఒక చిన్న సబ్‌ప్రోగ్రాము రాసుకోవాలి, మామూలు జీ-కోడ్‌లోనే (మెషిన్ ప్రోగ్రాములు రాసే భాషలోనే). ఎం64 అంటే ఒక అవుట్‌పుట్ ఆన్, ఎం65 అంటే ఆఫ్, ఎం66 అంటే ఫలానా సెన్సర్ వచ్చేదాకా ఇన్ని సెకన్లు ఆగు. ఆ టైములో రాకపోతే #5399లో మైనస్ ఒకటి పడుతుంది, అది చూసి ఆపేయాలి. గొడుగు ముందుకు రా, టూల్ వదులు, హెడ్డు పైకి, పాకెట్ తిప్పు. ప్రతి అడుగుకీ సెన్సర్ చూసి గానీ తర్వాతి అడుగు వేయకుండా రాశాం. లాడర్ రాని మనిషి కూడా చదివి అర్థం చేసుకోగలడు. సెన్సర్ పోయినప్పుడు ఏ లైను దగ్గర ఆగిందో కనపడుతుంది, మల్టీమీటర్ పట్టుకుని నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.

పాత ప్రోగ్రాములు ఎన్ని నడుస్తాయి? మామూలు జీ-కోడ్ దాదాపు అంతా నడిచింది. జీ81, జీ83 డ్రిల్లింగు సైకిళ్లు, టూల్ లెంగ్త్, కటర్ కాంపెన్సేషన్, ఎం98 సబ్‌ప్రోగ్రాములు అన్నీ. జీ54 నుంచి జీ59.3 దాకా తొమ్మిది వర్క్ జీరోలు (పార్టు కొలత మొదలయ్యే పాయింట్లు) ఉన్నాయి, మాకు చాలు. నడవనివి మ్యాక్రోలు (లెక్కలు, షరతులతో రాసే ప్రోగ్రాములు). ఫానక్ మ్యాక్రోల్లో ‘ఇఫ్’ పెట్టి ‘గోటూ’తో దూకడం అలవాటు. లైనక్స్‌సీఎన్‌సీలో గోటూయే లేదు. వైల్, ఇఫ్, ఎండ్‌ఇఫ్ పద్ధతిలో తిరగరాయాలి. పీసీడీ (వృత్తం) మీద హోల్స్ వేసే మ్యాక్రో, బ్లిస్టర్ గుంతల వరసల మ్యాక్రో లాంటివి మా దగ్గర ఎన్నో ఏళ్లుగా పోగయ్యాయి, సీఐటీడీలో (టూల్ డిజైన్ నేర్పే సంస్థలో) చదివే రోజుల్లో నేర్చుకున్న చిట్కాలు కొన్ని. అన్నీ కూర్చుని మార్చాను. మీ షెడ్‌లో పనంతా మ్యాక్రోల మీదే నడుస్తుంటే ఈ టైము లెక్కలో వేసుకోండి. పోస్ట్ ప్రాసెసర్ (క్యామ్ పనిని కంట్రోలర్‌కి తగ్గ కోడ్‌గా మార్చేది) మాత్రం ప్రధాన క్యామ్ సాఫ్ట్‌వేర్లలో రెడీగా దొరుకుతుంది.

మా ఆపరేటర్‌ది నల్గొండ. ఫానక్ మీద చెయ్యి తిరిగినవాడు. టచ్ స్క్రీన్ మీద జీమొకాపీ అనే ఆపరేటర్ స్క్రీన్ పెట్టి ఇస్తే మొదట మొహం మాడ్చుకున్నాడు. ‘అన్నా, పాత దాంట్ల అలారం నంబర్ వస్తె సాలు, ఏం జెయ్యాల్నో ఎర్కుండె. గిది జూస్తె ఇంగ్లీషుల కథ చెప్తుంది’ అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఎర్రర్లు ప్రోగ్రామర్ల భాషలో ఉంటాయి, షాప్ ఫ్లోర్ భాషలో కాదు. అయితే మనం చేర్చుకున్న ఇన్‌పుట్లకు మెసేజ్ మనమే రాసుకోవచ్చు. లూబ్ ట్యాంకు ఫ్లోట్ స్విచ్ కిందికి దిగితే ఇంగ్లీషు అక్షరాల్లోనే ‘ఆయిల్ పోయ్’ అని వస్తుంది. ఎయిర్ తగ్గితే ‘గాలి తక్కువ ఉంది’. ఇంకో గట్టి కోరిక కోరాడు: సైకిల్ స్టార్ట్, ఫీడ్ హోల్డ్, ఓవర్‌రైడ్ నాబ్ స్క్రీన్ మీద కాదు, చేతికి తగిలే బటన్లు కావాలన్నాడు. పాత ఆపరేటర్ ప్యానెల్ బటన్లనే ఇన్‌పుట్లకు కలిపేశాం. నూనె చేతులతో టచ్ స్క్రీన్ మీద ఫీడ్ హోల్డ్ వెతుక్కోవడం ప్రమాదం, ఈ విషయంలో అతనే కరెక్టు.

ఇక పార్టుల సంగతి. 60 మి.మీ. బోరు ఇంటర్‌పొలేషన్‌లో (కటర్‌ని వృత్తంలో నడిపి) తీసి బోర్ గేజ్ పెడితే క్వాడ్రంట్ల మధ్య తేడా రెండు వందల లోపు. ఫానక్ ఉన్నప్పుడూ అంతే వచ్చేది. అది మెషిన్ సత్తా, కంట్రోలర్‌ది కాదు. మారింది వేగం. ప్రోగ్రాము ఎన్ని ఎంబీలున్నా డిస్క్ మీద నుంచి నడుస్తుంది, గుంతల ఫినిషింగులో ఆ ఆగి ఆగి నడిచే మచ్చలు లేవు. జీ64 పీ0.01 అని రాస్తే మూలల దగ్గర 0.01 మి.మీ. వరకూ కోసుకుపోవచ్చని అనుమతి ఇచ్చినట్టు. ఆ నంబరు ఇవ్వకుండా ఉత్త జీ64 వాడొద్దు. వేగం కోసం మూలలు ఎంత గుండ్రం చేయాలో అదే నిర్ణయించేసుకుంటుంది.

అలాగని డైలు, మౌల్డుల వాళ్లకు నేను ఇది చెప్పను. నేను వాడే వెర్షన్‌లో యాక్సిలరేషన్ ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగుతుంది, జర్క్‌ని మెల్లగా పెంచి తగ్గించే ఏర్పాటు లేదు. బరువైన టేబుల్ ఉన్న మెషిన్‌లో దిక్కు మారిన ప్రతిసారీ చిన్న కుదుపు చేతికి తెలుస్తుంది. దాన్ని తగ్గించాలంటే యాక్సిలరేషన్ తగ్గించాలి, అప్పుడు 3డీ సర్ఫేసుల్లో టైము పెరుగుతుంది. ఆ పనికి ఫానక్, హైడెన్‌హైన్ పెద్ద కంట్రోలర్ల దగ్గర ఉన్న పనితనం వేరు, వాళ్లు డబ్బు తీసుకునేది అందుకే. ప్లేట్లు, పాకెట్లు, హోల్స్, ట్యాపింగు, కాస్త కాంటూరు పని ఉండే మనలాంటి జాబ్‌షాపుకి మాత్రం ఇది చాలు.

ఇంకో లోపం హోమింగు, అంటే యాక్సిస్‌లను మొదలు పాయింటుకు తెచ్చి లెక్క మొదలుపెట్టడం. స్టెప్, డైరెక్షన్ పద్ధతిలో సర్వో నిజంగా ఎక్కడుందో లైనక్స్‌సీఎన్‌సీకి తెలియదు, డ్రైవ్‌ని నమ్ముకుంటుంది. డ్రైవ్ అలారాన్ని ఇన్‌పుట్‌గా తెచ్చి ఆపించాం, కానీ ఎమర్జెన్సీ తర్వాత ప్రతిసారీ హోమ్ చేయాల్సిందే. హోమ్ ఎంత కచ్చితంగా వస్తుందన్నది స్విచ్ మంచితనం మీద ఉంటుంది. మేం పాత డాగ్ స్విచ్‌లు తీసి ప్రాక్సిమిటీ సెన్సర్లు పెట్టి, చివరి దశ చాలా నిదానంగా వచ్చేలా చేశాం. ఒక వంద లోపే మళ్లీ అదే చోటుకు వస్తోంది. మీ పాత డ్రైవులు అనలాగ్ రకమై, ఎన్‌కోడర్లూ బాగుంటే ఈ కార్డు కాకుండా మెసాలోనే 7ఐ97 చూడండి. ఆరు ఎన్‌కోడర్లు, ప్లస్ మైనస్ పది వోల్టుల అవుట్‌పుట్లు ఆరు. లూపు కంట్రోలర్‌లోనే మూసుకుంటుంది, అంటే యాక్సిస్ ఎక్కడుందో చూసి సరిచేసేది కంట్రోలరే. సర్వోలు కొనే ఖర్చే తప్పుతుంది, కాకపోతే ట్యూనింగు మీరే చేసుకోవాలి.

ఖర్చు. అన్నీ కలిపి ఐదు లక్షల లోపు తేలింది. అందులో కార్డు, పీసీ, టచ్ మానిటర్‌ల వాటా కొంచెమే. సర్వోలు, ప్యానెల్, కేబుల్ చైన్, బేరింగులు, లూబ్రికేషన్ లైన్లు మింగిందే ఎక్కువ. ఎవరైనా మీకు ‘కంట్రోలర్ ఒక్కటి మారిస్తే చాలు’ అని చిన్న అంకె చెబితే అందులో ఇవి ఉన్నాయో లేదో అడగండి. మెషిన్ ఆగిన రోజుల నష్టం వేరు. కార్డు అమెరికా నుంచి రావాలి, కొరియరు, కస్టమ్స్ డ్యూటీ కలిపితే ధర బాగా పెరుగుతుంది. నేను రెండు తెప్పించాను. రెండోది ప్యాకెట్ విప్పకుండా బీరువాలో ఉంది. ఆదివారం కార్డు పోతే సోమవారం బాలానగర్‌లో దొరికే వస్తువు కాదు. కాన్ఫిగరేషన్ ఫోల్డర్ కాపీ ప్యానెల్ తలుపు లోపల పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి.

సర్వీసు విషయానికొస్తే, ఫోన్ చేస్తే ఇంజనీర్ రాడు, లైనక్స్‌సీఎన్‌సీకి అసలు ఫోన్ నంబరే లేదు. మాన్యువల్ బోలెడంత ఉంది, అంతా ఇంగ్లీషు, చదివే ఓపిక కావాలి. షెడ్‌లో ఒక్క మనిషైనా, ఓనరో, సూపర్‌వైజరో, ఇంజనీరింగ్ చదివిన కొడుకో, టెక్స్ట్ ఫైలు తెరిచి భయపడకుండా చూడగలిగితే ఇది పెట్టండి. అలాంటివాళ్లు లేకపోతే డబ్బు ఎక్కువైనా బ్రాండెడ్ కంట్రోలర్ తీసుకుని ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) కట్టుకోండి, ప్రశాంతంగా ఉంటారు. ఇంకొకటి, రెండు మూడేళ్లలో మెషిన్ అమ్మేసే ఆలోచన ఉన్నా ఇది వద్దు. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో బ్రోకర్ మొదట అడిగేది ‘ఫానకా, సీమెన్సా?’ అని. లైనక్స్‌సీఎన్‌సీ అని చెబితే అదేదో కంప్యూటర్ సెంటర్ పేరనుకుని రేటు సగానికి దించుతాడు.